జ్వాల దారిలో నా భార్యను చూసినవాళ్ళు

నేను ప్రైవేటు సర్వేయర్‌ని. గోస్పాడు నుంచి ఆళ్ళగడ్డ దాకా ముప్పై ఏండ్లుగా పొలాలు కొలుస్తున్నాను. శ్మశానాల హద్దులు కూడా కొలిచినాను. గోరీల మధ్య టేపు పరిచి, అక్కడే నీడ చూసుకొని క్యారియర్ విప్పుకొని అన్నం తిన్నాను. దయ్యాల మాట ఎవరన్నా ఎత్తితే లేచి బయటికి పోయేవాణ్ణి. భయంతో కాదు, విసుగుతో. ఇది చదివి మీరు అట్లే లేచిపోతే నేనేమీ అనుకోను.

జరిగింది పట్టపగలు. చూసినవాళ్ళు నలుగురు. ఒకరికొకరు తెలియనివాళ్ళు కూడా అందులో ఉన్నారు.

నా భార్య పేరు సుజాత. నంద్యాలలో మా ఇంటి ముందర గదిలో జాకెట్లు కుట్టేది. ఒకరోజు మిషన్ తొక్కుతా తొక్కుతా ఎడమకాలు ఆగిపోయింది. తిమ్మిరి అనుకున్నాము. వారం తర్వాత గడప దాటలేక పడిపోయింది. నంద్యాల డాక్టరు కర్నూలుకు పంపినాడు, కర్నూలు వాళ్ళు హైదరాబాదుకు పంపినారు. అక్కడ చెప్పినారు, ఇది నరాల జబ్బు, మందు లేదు అని. ముందు కాళ్ళు, తర్వాత చేతులు, ఆ తర్వాత మింగడం, చివరికి ఊపిరి. ఆ డాక్టరమ్మది చిన్న వయసు. చెప్పేటప్పుడు ఆమెకే కండ్లలో నీళ్ళు తిరిగినాయి. సుజాతకు తిరగలేదు.

బయటికి వచ్చి బెంచీ మీద కూర్చున్నాక అన్నది, "అహోబిలం పోదామప్పా. నడక ఉండంగనే."

అహోబిలం కొండలకు మేము అంతకుముందు పోయింది ఒక్కసారే, పదకొండేండ్ల కిందట. తెలియనివాళ్ళకు చెబుతాను. ఆళ్ళగడ్డ దాటి పోతే నల్లమల మొదలయ్యేచోట దిగువ అహోబిలం ఉంటుంది. అడవిలో ఇంకా పైకి పోతే ఎగువ అహోబిలం. ఆ కొండల్లో తొమ్మిది నరసింహస్వామి గుళ్ళు. కొన్నింటి దగ్గరికి ఆటో పోతుంది. కొన్నింటికి వాగులు దాటి, బండలు ఎక్కి పోవాలి, పొద్దున్నే బయలుదేరితే గానీ సాయంత్రానికి తిరిగి రాలేము. అన్నింట్లోకీ సుజాత మనసు పడింది జ్వాల మీద. కొండ చరియ కింద చిన్న గుడి, దాని ముందర పైనుంచి నీళ్ళు పడుతుంటాయి.

ఆ పదకొండేండ్ల కిందటి ప్రయాణంలో జ్వాల దాకా పోలేదు. సగం దూరం పైనే ఎక్కినాము. ఆమె ముందు, నేను వెనక. మధ్యాహ్నానికి ఆళ్ళగడ్డలో ఒక రైతు పొలం కొలుస్తానని మాట ఇచ్చి ఉన్నాను. గడియారం చూసుకొని ఇక దిగుదామన్నాను.

"ఇంకొంచెమే అప్పా, నీళ్ళ చప్పుడు ఇనబడతాంది" అన్నది.

"ఇంకోసారి వద్దాంలే" అన్నాను.

ఒక్క నిమిషం పైకి చూసి దిగింది. తర్వాత ఎప్పుడూ దాని గురించి ఎత్తలేదు. నేనూ మర్చిపోయినాను.

జబ్బు తెలిసినాక వెంటనే పోయి ఉంటే బాగుండేది. ఆ ఆకుల మందు, ఈ మర్దనా అని సంవత్సరం పైన తిరిగినాము. ఏదీ పని చేయలేదు. పోయిన కార్తీకానికి ఆమె వాకర్ పట్టుకొని నడిచే స్థితికి వచ్చింది. ఎడమకాలు వేలాడకుండా తెల్ల ప్లాస్టిక్ పట్టీ కట్టేవాణ్ణి. చేతుల్లో గ్లాసు నిలబడేది కాదు.

అప్పుడు కూర్చొని లెక్క వేసినాను. ఏ రోజు ఏ గుడి, ఆటో ఎంతవరకు పోతుంది, దిగినాక ఎన్ని అడుగులు, ఎన్ని మెట్లు, యాడ కూర్చోవచ్చు. తెలిసినవాళ్ళకు ఫోన్లు చేసి కనుక్కున్నాను. ఇంట్లో ఆమె నడుస్తుంటే వెనకాల నడిచి అడుగులు లెక్క పెట్టినాను. ఒక విడతకు నలభై. నలభైకి లోపల ఏవి వస్తాయో వాటికి టిక్ పెట్టినాను.

సుజాత ఆ కాగితం చూసి నవ్వింది. "ఏందీ లెక్క? నా నడకకు గూడా హద్దురాళ్ళు నాటుతాండావా?"

మొదటిరోజు ఛత్రవట, రెండోరోజు రోడ్డు పక్కనే ఉండే కారంజ, మూడోరోజు ఎగువ గుడి అని చదివినాను.

"అవన్నీ నువ్వు చూసుకో. నాకు జ్వాల ఒక్కటి చాలు" అన్నది.

కాదన్నాను. ఆ బండలు, ఆ వాగు, ఎట్ల కుదురుతుంది? డోలీ వాళ్ళు మోసుకుపోతారు, మాట్లాడతానన్నాను.

"డోలీ వద్దు. నన్ను మోసుకపోయేది ఒక్కసారే. దానికి ఇంకా టైముంది."

చివరికి నా కాగితమే నెగ్గింది. జ్వాలకు మాత్రం టిక్ లేదు.

దిగువ అహోబిలంలో వైదేహమ్మగారని, గుడి సేవలో ఉండే కుటుంబం, వాళ్ళ ఇంట్లో గది తీసుకున్నాము. మొదటిరోజు బాగానే జరిగింది. ఛత్రవటలో ఆటో దిగి, మధ్యలో ఒకసారి కూర్చొని, గుడి దాకా నడిచింది. రెండోరోజు కారంజలో మెట్టు దగ్గర కాలు లేవలేదు. నేను ఎత్తబోతే వద్దంది. వాకర్ పట్టుకొని మెట్టును చూస్తా చాలాసేపు నిలబడింది. వెనక ఒక కుటుంబం లోపలికి పోవడానికి ఎదురుచూస్తోంది. "పోదాంపా" అన్నది.

ఆ సాయంత్రం చెప్పింది, "రేపు నువ్వు జ్వాలకు పో. చూసొచ్చి చెప్పు."

నువ్వు లేకుండా నేనెందుకన్నాను.

"నేను పోలేను. నువ్వన్నా పో. ఈడ కూర్చోనుంటా."

మూడోరోజు పొద్దున స్నానం చేయించినాను. నీలం నైటీ వేసి, చలిగా ఉందంటే నా బూడిదరంగు తువ్వాలు భుజాల మీద కప్పినాను. కాలికి పట్టీ కట్టి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టినాను. కుర్చీ దాకా వాకర్ పట్టుకొని తానే నడిచింది. ఇది ముఖ్యం, అందుకే చెబుతున్నాను. వైదేహమ్మగారు తులసి మాల కట్టుకుంటా ఆమె పక్కనే ఉంటానన్నారు.

ఎగువ గుడి దగ్గర ఆటో దిగి నడక మొదలుపెట్టేసరికి సుమారు తొమ్మిది. వానలు బాగా పడి ఉండె, వాగు నిండుగా పోతోంది. దారిలో కొత్తగా ఇనుప వంతెన వేసినారు. మేము పోయినప్పుడు అది లేదు. వంతెన దాటి ఒక బండ మీద కూర్చొని బూట్ల లేసు కట్టుకుంటున్నాను. పైనుంచి ఇద్దరు ఆడవాళ్ళు దిగుతా నా పక్కనుంచి పోయినారు.

"నైటీతో కొండెక్కొచ్చిందేందక్కా ఆయమ్మ!" అన్నది ఒకామె.

"మొక్కుబడేమోలే" అన్నది రెండో ఆమె.

చెవిన పడింది, పట్టించుకోలేదు. ఇంకో అరగంట ఎక్కినాను. ఒకాయన సంచీ భుజాన వేసుకొని దిగుతా నన్ను చూసి ఆగినాడు. వెలుగోడు నుంచి వచ్చినానని చెప్పినాడు.

"అన్నా, పైకేనా? పైన ఒకాయమ్మ ఒక్కతే పోతాంది. నీలం నైటీ, మింద తువ్వాలు. కాలికి తెల్ల ప్లాస్టిక్ పట్టీ గూడా ఉంది. పాపం, జామకాయ ఇస్తే చేతిలో నిలబడలే, జారి కిందపడె. కనబడితే కొంచెం చూడు."

ఎట్ల నడుస్తోంది అని అడిగినాను.

"నడకకేం, బిరబిరా పోతాంది. మేమంతా రొప్పుతాంటే ఆయమ్మకు ఊపిరి ఆడతాన్నట్టే లేదు."

నేను పరిగెత్తినాను. యాభై దాటినవాణ్ణి, ఆ బండల మీద పరిగెత్తినాను. సుజా, సుజా అని అరిచినాను. నీళ్ళ చప్పుడులో నా గొంతు నాకే వినపడలేదు.

జ్వాల దగ్గర ఎవరూ లేరు. పైనుంచి నీళ్ళు పడుతున్నాయి. గుడిలో పూజారి ఒక్కడే ఉన్నాడు. ఇట్లాంటి మనిషి వచ్చిందా అని అడిగినాను.

"ఇప్పుడే గదా వచ్చి పోయింది. తీర్థం పోస్తానంటే చేతులు రావు స్వామీ అనింది."

యాడికి పోయిందన్నాను.

"కిందికే. ఇంకో దారి యాడుంది?"

నేను వచ్చింది ఆ దారినే. ఆ దారిలో ఆమె నాకు ఎదురు రాలేదు.

ఫోన్ పని చేసింది ఎగువ గుడి దగ్గరికి వచ్చినాకే. వైదేహమ్మగారికి చేసి సుజాత ఉందా అని అడిగినాను.

"ఉండక యాడికి పోతాది నాయనా? కిటికీ దగ్గరే కూర్చొని ఉంది. ఇంచుమించు రెండు గంటల నుంచి పిలిస్తే పలకడం లేదు. కండ్లు తెరిచే ఉంది. నీ మీద అలిగిందేమో అనుకున్నాను."

గదికి పోయేసరికి ఆమె నా వైపు చూసింది. తువ్వాలు భుజాల మీదే ఉంది. పాదాలు పట్టుకొని చూసినాను. పొడిగా, శుభ్రంగా ఉన్నాయి, మంచులా చల్లగా ఉన్నాయి. నేను నోరు తెరవకముందే ఆమె మాట్లాడింది. వైదేహమ్మగారు అక్కడే ఉండి విన్నారు.

"ఒకాయన జామకాయ ఇచ్చె. పట్టుకోలేకపోతి."

నేను గోడకు ఆనుకొని కింద కూర్చున్నాను. ఆమె నిదానంగా చెప్పింది. కొత్త ఇనుప వంతెన ఉందంట. పూజారి తీర్థం పట్టమన్నాడంట. "కాళ్ళు వచ్చె గానీ చేతులు రాలే" అన్నది.

వైదేహమ్మగారు ఏడుస్తా లేచి ఆమె పాదాలకు దండం పెట్టబోయినారు. "స్వామి పిలిపించుకున్నాడు తల్లీ" అన్నారు.

"ఆయమ్మను ఆపప్పా" అన్నది సుజాత నాతో. "ఆడ ఎవరూ పిలవలే. రాయి, నీళ్ళు, అంతే. నీళ్ళు మింద పడతాండె, తడి తెలియలే. అంత దూరం పోతి గదా, ఏమన్నా ఉంటాదనుకుంటి. ఏం లే."

ఆ సాయంత్రం బాత్రూముకు పోదామని లేపితే నిలబడలేకపోయింది. వాకర్ ముందర పెట్టి రెండు చంకల కింద చేతులు వేసి ఎత్తినాను. మోకాళ్ళు గుడ్డ మడతపడినట్టు మడతపడినాయి. మంచం మీద పడుకోబెట్టినాను.

"కాళ్ళు ఆడనే మర్చిపోయి వచ్చినట్టుందప్పా" అన్నది. నవ్వుతుందేమోనని మొహం చూసినాను. నవ్వలేదు.

మళ్ళీ ఆమె నేల మీద కాలు మోపలేదు. డాక్టరమ్మను అడిగితే, ఈ జబ్బులో ఒక్కోసారి అట్లే ఒక్కసారిగా దిగిపోతుందని చెప్పింది. కావచ్చు. ఎండాకాలం వచ్చేసరికి మింగలేకపోయింది. వానలు పడకముందే పోయింది.

నేను ఊరికే ఉండలేదు. దినాలు అయినాక మళ్ళీ అహోబిలం పోయి ఆటోవాళ్ళను, గదులిచ్చేవాళ్ళను అడిగినాను. ఆ రోజు నీలం నైటీతో, కాలికి పట్టీతో ఇంకొకామె ఎవరన్నా వచ్చిందా అని. ఎవరికీ తెలియదు. ఇంకొకామె ఉండే ఉంటుందని కొన్నాళ్ళు అనుకున్నాను. అట్లయితే జామకాయ సంగతి గదిలో కూర్చున్న సుజాతకు ఎట్ల తెలిసింది? నేను చెప్పలేదు. వైదేహమ్మగారికి ఫోన్‌లో కూడా ఆ మాట అనలేదు.

మా చుట్టాలు దీన్ని మహిమ అంటారు. నాకు మహిమగా కనపడలేదు. దాని బదులు ఇంకో నాలుగు నెలలు కుర్చీ దాకా నడిచి ఉంటే ఆమెకు చాలు, నాకు చాలు.

ఇంకొక్కటుంది, ఎవరికీ చెప్పలేదు. మాట పోకముందు ఒకరోజు సుజాత చెప్పింది. "వంతెన దాటినాక నువ్వు బండ మింద కూర్చొని లేసు కట్టుకుంటాండావు. పైనుంచి పిలిస్తి. రెండుసార్లు పిలిస్తి. నువ్వు తల ఎత్తలే."

నేను అక్కడ కూర్చున్న మాట నిజం. ఆ సంగతి ఆమెకు నేను చెప్పలేదు.

దారిన పోయేవాళ్ళకు కనబడింది. ముక్కూ మొహం తెలియని మనిషి జామకాయ ఇచ్చినాడు. ఇరవై నాలుగేండ్లు ఆమెతో కాపురం చేసినవాణ్ణి నేను. నాకెందుకు కనబడలేదో, ఆ పిలుపు నాకెందుకు వినబడలేదో ఇప్పటికీ తెలియదు.