బొంతకు ఎండ

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఐర్లండ్‌లో నర్సుగా పనిచేస్తూ నేనుంటున్న కిరాయి గదిలో, మంచం వెనక గోడంతా నల్లగా బూజు పట్టింది. ఇంటికి వీడియో కాల్ చేసినప్పుడల్లా ఆ గోడ కనిపించకుండా తిరిగి కూర్చునేదాన్ని. ఈ ఉదయం దుప్పటి మారుస్తుంటే, అది నాయనమ్మ కుట్టిన బొంత అంచుకు కూడా పాకి కనిపించింది.

నేను ఖమ్మంలో నర్సింగ్‌లో చేరినప్పుడు ఆమె తన పాత చీరలతో కుట్టి ఇచ్చిన బొంత అది. హాస్టళ్లలో చదువుకున్న మన తరం ఆడపిల్లల పెట్టెల్లో అలాంటిది ఒకటి ఉండే ఉంటుంది.

మా ఊరు ములకలపల్లి దాటాక అడవి అంచున ఉంటుంది. వానాకాలంలో మా పెంకుటింట్లో చింతపండు, అగ్గిపెట్టె, నేను దాచుకున్న కథల పుస్తకాలు అన్నీ చెమ్మగిల్లేవి. ముసురు తెరిపిచ్చి కాస్త ఎండ పొడ పడితే చాలు, వాడంతా బొంతలెత్తుకుని వాకిళ్లలోకి వచ్చేది. నేను మాత్రం పుస్తకం వదిలేదాన్ని కాదు. "ఏందే, గట్ల కూసున్నవ్? జల్దీ రా, లేకుంటే నీక్కూడా బూజు పడ్తది!" అని నాయనమ్మ అరిస్తే పక్కింటి అత్తలు నవ్వేవాళ్లు, నేను సిగ్గుతో తల దించుకుని బొంత రెండో కొస పట్టుకునేదాన్ని. ఎండ రాని రోజుల్లో ఆమె చట్టిలో నిప్పులు పోసి, వేపాకు వేసి, పైన గంప బోర్లించి, దానిమీద బొంత పరిచేది. ఆ పొగ, ఆ తడి ఇల్లంతా తిరిగి పెంకుల సందుల్లోంచి మెల్లగా వెళ్లిపోయేవి.

ఆ నమ్మకంతోనే ఇక్కడ చలికి కిటికీలన్నీ మూసి, ఉతికిన బొంతను హీటర్ మీద ఆరేసేదాన్ని. వెచ్చగా ఉంటే చెమ్మ దానంతటదే పోతుందనుకున్నాను. సందులేని గదిలో అది గోడను పట్టుకుంది. ఇవాళ ఇంటి యజమానురాలు వచ్చి చూసి, కిటికీలు తెరవమని, బొంత పారేయమని చెప్పింది. ఆమె మాటలో తప్పేమీ లేదు. కానీ కిందటి వానాకాలం నాయనమ్మ పోయినప్పుడు నేను వెళ్లలేకపోయాను. ఆమె చేతిది నా దగ్గర మిగిలింది అదొక్కటే.

గోడ తుడిచి, కిటికీ తెరిచాను. బొంతను వేడినీళ్లలో ఉతికి పెరట్లో తీగమీద వేసి, మబ్బు తొలగినప్పుడల్లా వెళ్లి తిప్పుతున్నాను. కొన్ని మచ్చలు పోయాయి, కొన్ని పోలేదు. పారేయను.

మా ఇంటికిప్పుడు స్లాబు పడింది, కట్టెల పొయ్యి పోయి గ్యాసు వచ్చింది, తెరిపిస్తే బొంతలెత్తుకుని పరుగెత్తేవాళ్లు వాడలో లేరు. నాయనమ్మ ఒక్కతే చివరిదాకా ఆ పని మానలేదని అమ్మ చెప్పింది. నాయనమ్మతో ఆఖరిసారి ఫోనులో మాట్లాడినప్పుడు, ఈ గోడ సంగతి ఆమెకైనా చెబుదామని నోరు తెరిచాను. అంతలో అటువైపు ఉరుము వినిపించింది.

"మబ్బు పట్టింది బిడ్డా, బొంతలు బయటనే ఉన్నయ్. మల్ల మాట్లాడుత, ఫోన్ పెట్టు."