తోడు కోసం కాదు

చాతం నుంచి బాంబూఫ్లాట్ వెళ్ళే ఫెర్రీలో నా పక్కన అరవై దాటిన జంట ఒకటి కూర్చుంది. నేను ఫోన్లో తెలుగు మాట్లాడడం విని ఆవిడే పలకరించింది. పేరు మేరీ, ఆస్టినాబాద్‌లో ఇల్లు. ఆవిడ భర్తా, ఆయన భార్యా ఎప్పుడో పోయారట. పోయిన ఏడాది వీళ్ళిద్దరూ చర్చిలో పెళ్ళి చేసుకున్నారు. ఎలా కలిశారని అడిగితే ఆవిడే చెప్పింది.

“విశాఖ నుంచి ఈ దీవులకి షిప్‌లో వస్తా వాంతులతో పడిపోయాను. ఈయన పొద్దున్నే సీలు తియ్యని వాటర్ బాటిల్ నా బంక్ దగ్గర పెట్టేసి, మాట్లాడకుండా పోయేవాడు. దిగేరోజు నేనే సీదా అడిగేశాను, నీళ్ళేనా, ఇంకేటైనా చెప్తావా అని.”

ఆయన తడబడ్డాడు. “తోడు కోసం చేసుకున్నామమ్మా, అంతే.”

“తోడుకి మా చెల్లుంది. నాకు ఈయన మీద ఆశ పుట్టింది. చెప్పడానికి సిగ్గేటి?”

ఆయన సిగ్గుపడి సముద్రం వైపు తిరిగాడు. మా వైపు ఆశ గురించి మగవాళ్ళే గొప్పలు చెప్పుకుంటారు. ఆడవాళ్ళం దాన్ని ‘తోడు’ అనే మాట చాటున దాచుకుంటాం. మా ఆయన పోయాక ఎవరు పెళ్ళి మాటెత్తినా ‘తోడు అక్కర్లేదు’ అనే చెప్పాను. ఆశ ఉందా అని నన్ను నేను అడగనే లేదు.

“నీకెవరైనా ఉన్నారా బేటీ?” అంది మేరీ.

“ఇంకా లేరు ఆంటీ,” అన్నాను.

ఆ ‘ఇంకా’ నా నోట ఎలా వచ్చిందో, ఫెర్రీ దిగేదాకా ఆశ్చర్యపోతూనే ఉన్నాను.