గడ్డి కోయమన్న ఏడాది

రాయచూరు దగ్గరి కల్మల ఊరి అవతల, అటవీ అధికారిగా నేను చూసుకునే రక్షిత ప్రాంతంలో పెద్ద చెట్లు లేవు. ఉన్నదంతా గడ్డి, అందులో కృష్ణజింకలు. పట్నం నుంచి చూడవచ్చిన మా చుట్టాలు "అడవేది?" అని అడిగితే నాకు ఒళ్లు మండేది. ఆ గడ్డిలోనే జింక తన పిల్లను దాచి మేతకు పోతుంది. తల్లి వచ్చేదాకా పిల్ల కదలదు. పక్కనే మనిషి నడిచినా కదలదు, మంట వచ్చినా కదలదు. నా భయమంతా దాని గురించే.

మంట ఎప్పుడూ కాలువ కింది పొలాల వైపు నుంచే వచ్చేది. వరి కోశాక కొయ్యకాళ్లు కాల్చడం అక్కడి రైతుల అలవాటు. పూర్వం ఆ రోజులకు మా గడ్డి ఇంకా పచ్చిగా ఉండేది కాబట్టి నిప్పు గట్టు దగ్గరే చల్లారేది. ఎండాకాలం దగ్గరపడ్డాక, మంట దాటకుండా చుట్టూ ఒక పట్టీ మేర గడ్డి తీయించేవాళ్లం. ఇప్పుడు వానలు తొందరగా మొహం చాటేస్తున్నాయి. వరికోతలకే గడ్డి పెళపెళలాడుతోంది. పాత తేదీలు పట్టుకుని కూర్చుంటే జింకపిల్లలు బూడిదే. పై అధికారిని బతిమాలి, కోతలకు ముందే పట్టీ తీయడానికి ఒప్పించాను. గొర్రెల కాపరులు వచ్చి గడ్డి కోసుకుని ఉచితంగా తీసుకుపోవచ్చని ఊళ్లో చాటింపు వేయించాను.

ఒక్కరూ రాలేదు.

సంగతేమిటో కనుక్కుందామని గొర్రెలు మేపే ఒక పెద్దావిడ దగ్గరికి వెళ్లాను. ఆమె వక్క నములుతూ, "ఇన్నేండ్లు గడ్డి కోస్తే కొడవండ్లు గుంజుకున్నరు, కేసులు రాసిన్రు. ఇప్పుడు రమ్మంటే ఎట్ల వస్తం మేడమ్? గిదేం మతలబో మాకేమెరుక?" అంది.

నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. మాటలతో పని కాదని ఆమె కొడవలే అడిగి తీసుకుని, యూనిఫాంలోనే కోతకు దిగాను. కాసేపు నా అవస్థ చూసింది.

"మీరు కోస్తే ఉగాదికి అయితది. ఇటియ్యండి," అంది.

మర్నాటికి ఊరి కొడవళ్లన్నీ అక్కడే ఉన్నాయి.

గట్టు అవతలి రైతు కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డాయన. "కాల్చే రోజు ముందే చెప్తాను లెండి మేడమ్ గారూ. గాలి మాత్రం నా మాట వినదు," అన్నాడు. అన్నట్టే కబురు చేశాడు. అన్నట్టే గాలీ వినలేదు.

మంట గట్టు దాటింది. మేమంతా తడి గోనెసంచులతో పట్టీ వెంట నిలబడ్డాం. కోసిన నేల మీద అంటుకోవడానికేమీ దొరక్క నిప్పు కుంగిపోయింది. ఎగిరి ఇవతల పడ్డ రవ్వల మీద పెద్దావిడ తన గొంగడి పరిచి తొక్కింది. గొంగడి పాడవుతుంది, వదిలెయ్యమన్నాను.

"గొంగడి మళ్ల నేస్తరు. గడ్డి మాది గూడ గద మేడమ్," అంది.

పొగ పలచబడ్డాక అందరం దూరంగా పోయి కూలబడ్డాం. చాలాసేపటికి తల్లి జింక ఒకటి బెదురుతూ వచ్చింది. మేం ఇందాకటిదాకా నిలబడ్డ చోటికి నాలుగడుగుల దూరంలో, కాలకుండా మిగిలిన గడ్డిలోంచి పిల్ల లేచి, పాలకోసం దాని పొట్ట కిందికి దూరింది.