రాజు దూకిన నెల

మొన్న మా చదరంగం మాసపత్రిక పోస్టులో వచ్చింది. చేతికి రాగానే దాన్ని వెనకనుంచి తెరవడం నాకు ఏళ్ళ తరబడి అలవాటు, ఎందుకంటే చివరి అట్టకు ముందు పేజీలో మా మామ శీర్షిక ‘ఈ నెల ముడి’ ఉండేది. ఒక బోర్డు బొమ్మ, దాని కింద మూడెత్తుల్లో నల్లరాజు ఆట కట్టించమని ఒక వాక్యం, పక్కన పోయిన నెల ముడికి జవాబు, అంతే. మొన్న ఆ చోట ఫోనులో చదరంగం నేర్పుతామనే ఎవరిదో ప్రకటన ఉంది. రంగురంగుల బోర్డు వేశారు గానీ, ఆడేవాడి కుడిచేతి మూలన తెల్లగడి ఉండాల్సిన చోట నల్లగడి వేశారు. చదరంగం పత్రికలో బోర్డునే తప్పుగా వేస్తే ఒక్కరూ నోరెత్తలేదు, మా మామ తప్పుకు మాత్రం ఊరంతా నవ్వింది. ఆ కోపం ఇంకా చల్లారకముందే ఇది రాస్తున్నాను, అందుకే అక్కడక్కడ మాట కటువుగా ఉంటే నా ఈడువాళ్ళు మన్నించాలి. కోపం సగం నా మీదే అని కూడా ముందే చెప్పేస్తున్నాను.

పత్రిక పెట్టింది మా అన్న. అనంతపురంలో లెక్కల మాస్టరుగా పనిచేస్తూ, సాయంత్రాలు చదరంగం ఆడేవాళ్ళను పోగుచేసి, మొదట చేత్తో రాసిన నకళ్ళు పంచి, తర్వాత అచ్చుకెక్కించాడు. నేనప్పుడు తాలూకా ఆఫీసులో గుమాస్తాను. రోజూ పొద్దున వానకొలత చూసి రిజిస్టరులో ఎక్కించడం నా పనుల్లో ఒకటి. ఆ అలవాటు ఇంటికీ వచ్చి, నా డైరీలో ప్రతి పేజీ మొదటి వరుస వాన సంగతికే కేటాయించుకున్నాను. మా సీమలో ఆ వరుసలో ఏం రాయాలా అని పెద్దగా ఆలోచించే పని ఉండేది కాదు. ‘వాన లేదు’ అని రాసి కింద మిగతా సంగతులు రాసుకునేవాణ్ణి. అలాంటి డైరీలు ఇప్పుడు బీరువా నిండా ఉన్నాయి, మా ఇంటావిడ వాటిని నా రెండో సంసారం అంటుంది.

మామ అంటే మా అమ్మకు తమ్ముడు. పామిడి బస్టాండు దగ్గర ఆయనకు కాలిపోయిన బోరు మోటార్లకు కొత్తగా రాగితీగ చుట్టే షాపు ఉండేది. లోపలికి అడుగుపెడితే వార్నీషు వాసన ముక్కుకు కొట్టేది. మోటరు కాలిందంటే చేలో పైరు ఎండుతున్నట్టే కాబట్టి, దాన్ని బస్సు మీద వేసుకొచ్చిన రైతు అది బాగయ్యేదాకా షాపు వదిలి కదిలేవాడు కాదు. పాత తీగ పీకాలి, కొత్తది చుట్టాలి, వార్నీషు ఆరాలి, అంటే ఒక పగలంతా పట్టేది. ఆ రైతుల ముందు మా మామ ఒక ముక్కాలి బల్ల లాగి, దాని మీద పెయింటుతో గీసిన గళ్ళలో ఆ నెల ముడి పేర్చి, ఇప్పండప్పా చూస్తాం అనేవాడు.

అది ఆయన పద్ధతి. మోటరు చుట్టడం అయిపోయేలోగా ఎవరైనా ఇప్పేస్తే ఆ ముడి చప్పిడిదని పక్కన పెట్టేవాడు. నెలంతా తిరిగినా ఒక్కరూ ఇప్పలేకపోతే అదీ పంపేవాడు కాదు, ఎవరూ ఇప్పలేనిది ముడి కాదు నా పొగరు అనేవాడు. ఈ రెండింటి మధ్య నలిగి నిలబడిందే పోస్టుకార్డు మీద మా ఇంటికి వచ్చేది. యాడికి ఊరి వైపు రైతులు తొందరపడి ఎత్తు వేసేవాళ్ళు. వజ్రకరూరు వైపునుంచి వచ్చినవాళ్ళు మాత్రం తొలకరి తర్వాత చేలల్లో వజ్రాల కోసం నేల చూస్తూ నడిచే మనుషులు కదా, బల్ల మీద కూడా చేయి పెట్టకుండా గంటసేపు ఒక్కొక్క గడే చూస్తూ కూర్చునేవాళ్ళు. మామకు వాళ్ళంటేనే భయం.

ఒక్క చిక్కు ఉండేది. రైతులకు తెలిసింది మన పల్లెల పాత ఆట. అందులో రాజు ఆట మొత్తానికి ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు. పత్రికలో వేసేది పోటీల ఆట, అందులో రాజు దూకడం అన్న మాటే లేదు. ఎత్తు తోచకపోతే చాలు, ఎవరో ఒకరు రాజును ఎగిరించి కూర్చునేవారు. ఆ గొడవ పడలేక మామ బల్ల అంచు మీద ఎర్ర రంగుతో ‘ఈ బల్ల మీద రాజు దూకడు’ అని రాయించాడు. చదువురాని వాళ్ళకు పక్కనున్నవాళ్ళు చదివి చెప్పేవాళ్ళు. కొన్నాళ్ళకు అది ఆ షాపులో అందరి నోటా ఆడే మాటైపోయింది.

తప్పులు అప్పుడూ వచ్చేవి. ఒకసారి నేను ఉండగానే ఒక రైతు, తువ్వాలు తలకు చుట్టుకుంటూ, “ఏమన్నా, నీ నల్ల ఏనుగు నిద్రపోతాండాదా? దాన్ని తెచ్చి ఈడ పెడితే నీ మూడెత్తులు యాడుంటాయి?” అని అడిగాడు. మామ తీగ చుట్టడం ఆపి వచ్చి చూసి, నెత్తి కొట్టుకుని, “నా మానం కాపాడినావు పో” అంటూ బల్ల మీది పావులన్నీ ఒక్క తుడుపు తుడిచేశాడు. కోపం లేదు, నామోషీ లేదు. తప్పు పుట్టిన చోటే చచ్చిపోయింది.

ఆ జల్లెడ దాటి కూడా మిగిలిన నలుసు ఉంటే పట్టుకోవడం నా పని. కార్డు రాగానే ఇంట్లో బోర్డు పరిచి, నల్లవాడు ఆడగలిగిన ప్రతి ఎత్తూ ఆడి చూసి, అన్నీ కుదిరితే డైరీలో ‘ముడి సరే’ అని రాసుకుని అన్నకు ఇచ్చేవాణ్ణి. అన్న కళ్ళు మూసుకుని ప్రెస్సుకు పంపేవాడు.

అన్న పోయాడు. పత్రికను ఆయన కొడుకు తీసుకున్నాడు. పిల్లలకు చదరంగం నేర్పే అన్న కూతురు, నేను, అన్న కొడుకు, ముగ్గురం కమిటీ. పామిడిలోనూ కాలం మారింది. బోర్లు లోతుకు దిగాయి, కొన్ని ఎండిపోయాయి, మామ వేళ్ళు వణకసాగాయి, షాపు మూతపడింది. బల్ల కూతురింటి వసారాలోకి చేరింది. ముడి మాత్రం నెలనెలా వస్తూనే ఉంది.

పోయిన వేసవిలో ఒక నెల, ముడికి అచ్చయిన జవాబులో రెండో ఎత్తుకు తెల్లరాజు గుర్రంలా దూకాడు. మామ ఎనభై దాటినవాడు, ఎదుట ఎవరూ లేని వసారాలో కూర్చుని, చిన్నప్పుడు వాళ్ళ నాయన దగ్గర నేర్చుకున్న ఆటలోకి తెలియకుండానే జారిపోయాడు. పాఠకుల ఫోను గ్రూపులో ఆ రోజంతా అదే పండుగ. తాత రాజు గుర్రమెక్కినాడని ఒకరు, వచ్చే నెల బంటు బస్సెక్కుతాదని ఒకరు రాశారు. అన్న కొడుకుకు తల కొట్టేసినట్టయింది. వెంటనే అంతకుముందు నెలల ముడులన్నీ ఫోనులోని చదరంగం యంత్రానికి వేసి చూస్తే, కొన్నింటికి రెండేసి దారులున్నాయి, కొన్నింటికి దారే లేదు.

అన్న ఇంట్లో ముందుగదిలోనే కమిటీ కూర్చుంది. అన్న కొడుకు తల వంచుకునే మాట్లాడాడు. “నాకు మాత్రం ఇష్టమా చిన్నాయనా? నన్ను ఎత్తుకొని తిప్పినాడు తాత. కానీ పత్రిక పరువు పోతాండాదే!” అన్న కూతురు మొదట తాత పక్షమే, ఆ పేజీ కత్తిరించి దాచుకునే పిల్లలున్నారని చెప్పింది. తర్వాత, రాజు దూకవచ్చా మేడమ్ అని ఒక పిల్ల అడిగితే పత్రిక చేతిలో పట్టుకుని ఏం చెప్పాలో తెలియలేదని కూడా చెప్పింది.

అప్పుడు నేను చేసిన పని చూడండి. మామను కాపాడాలని వారం రోజులు కూర్చుని, డైరీలు తిరగేసి, యంత్రం పట్టినవి కూడా కలిపి, ఏ కాలంలో ఎన్ని తప్పులు దొర్లాయో గీతలు కొట్టి పట్టిక తయారుచేసుకుని పోయాను. ఇన్నేళ్ళలో ఎంత తక్కువో చూడండి అని చెప్పాలని నా ఉద్దేశం. అన్న కొడుకు ఆ కాగితం తీసుకుని చివరి రెండేళ్ళ వరుస మీద వేలు పెట్టి అన్న కూతురికి చూపిస్తూ, “చూడు, చిన్నాయనే రాసుకొచ్చినాడు కదా” అన్నాడు. పాత వరుసలన్నీ దాదాపు ఖాళీ, చివరి వరుస గీతలతో నిండిపోయి ఉంది. పైగా దస్తూరి బాగుంటుందని, మామ శీర్షిక ఆపేయాలనే తీర్మానం కూడా నాతోనే రాయించారు. రాశాను. మామకు ఫోను చేసి చెప్పే పని అన్న కూతురు తీసుకుంది.

మొన్న ఆ ప్రకటన చూడగానే ఆగలేక అన్న కొడుకుకు ఫోను చేశాను. చేతిలో అంత యంత్రం పెట్టుకుని, అచ్చయిన తర్వాత తప్పులు వెతికే బదులు అచ్చుకు ముందే ఒక్కసారి చూసి ఉంటే ఆ ముసలాయన పేజీ ఆయనకు ఉండేది కదా అని గట్టిగానే అడిగాను.

“ముందు చూసేది నువ్వు కదా చిన్నాయనా! నాయన ఉన్నప్పటినుంచి అది నీ పనే కదా. నువ్వు చూసి పంపించినావనే నమ్మకంతో నేరుగా ప్రెస్సుకు పంపిస్తాండా.”

నేను ఎప్పుడో మానేశాను అన్నాను.

“ఎవరికి చెప్పినావు?”

జవాబు కోసం బీరువా తీశాను. నా కంటి ఆపరేషన్ అయిన నెల డైరీలో దొరికింది. మొదటి వరుస, వాన లేదు. కింద నా దస్తూరిలోనే, ‘ఇక మీదట ముడి సరిచూడటం అన్న కొడుకు పని. కార్డు రాగానే వాడికి పంపేయడమే.’ ముందు పేజీలూ వెనక పేజీలూ అన్నీ చూశాను. ఆ సంగతి వాడికి చెప్పినట్టు ఎక్కడా లేదు. చెప్పి ఉంటే రాసేవాణ్ణి. బతుకంతా రాసుకుని రాసుకుని, రాసుకున్నదంతా చెప్పినట్టే అనుకునే స్థితికి వచ్చాను. కార్డు చేరిన చోట దాన్ని సరిచూసే మనుషులున్నారని మామకు ధైర్యం; ఇక్కడేమో రెండేళ్ళుగా ఒక్కరూ లేరు.

నిన్న పొద్దున బస్సెక్కి పామిడి పోయాను. వంతెన మీద బస్సు నెమ్మదిస్తే కింద పెన్నలో ఇసుకే కనిపించింది. మామ వసారాలో బల్ల ముందే కూర్చుని ఉన్నాడు. నీళ్ళు కూడా తాగకుండా డైరీ సంగతితో సహా అంతా చెప్పేశాను. తిడతాడనుకున్నాను. పేజీ పోయినందుకు ఒక్క మాట అనలేదు. “అయితే అల్లుడా, రెండేండ్లు నేను పంపించిందంతా ఎవురూ చూడకనే అచ్చేసినారా?” అని మాత్రం అడిగాడు. అవునన్నాను. తీసేసినందుకు కాదు, ఇన్నాళ్ళూ ఎవరూ చూడనందుకు ఆయన మొహం వాడిపోవడం నా కళ్ళతో చూశాను.

తర్వాత, “కూసో. ఇది చూడు” అని ఒక ముడి పేర్చాడు. అడిగేవాళ్ళు లేకపోయినా అల్లుతూనే ఉన్నాడన్నమాట. ఎంతసేపు చూసినా నాకు దారి కనిపించలేదు. ఇంతేనా నువ్వు అంటూ ఆయనే వణికే వేళ్ళతో మొదటి ఎత్తు వేశాడు, నల్లవాడి తరఫున జవాబెత్తు వేశాడు, ఆ తర్వాత తెల్లరాజును ఎత్తి గుర్రంలా రెండు గళ్ళవతల పక్కకు దించబోయాడు. బల్ల అంచున ఎర్ర రంగు ఎప్పుడో రాలిపోయింది, ‘దూ’ అన్న అక్షరం తప్ప ఏమీ చదవడానికి లేదు.

“మామా, ఈ బల్ల మీద రాజు దూకడు,” అన్నాను.

చేయి గాలిలోనే ఆగిపోయింది. రాజును చూశాడు, గడిని చూశాడు, నన్ను చూశాడు. “ఏమప్పా, ఈ ఒక్క మాట చెప్పేదానికి రెండేండ్లు పట్టిందే నీకు!” అని, ఆ పాత రోజుల్లో లాగే పావులన్నీ ఒక్క తుడుపు తుడిచి, “ఇంకోటి పెడతా. బస్సు పోతే పోనీలే” అన్నాడు.

అన్న కొడుకుకు రాత్రి ఫోనులో ఇదంతా చెప్పాను. బాధపడ్డాడు, సవరణ ఒకటి వేద్దాం అన్నాడు, పేజీ సంగతి మాత్రం ఆ ప్రకటనవాళ్ళకు ఏడాదికి మాట ఇచ్చేశామన్నాడు. వాడిని అనడానికి నాకు నోరు లేదు. తప్పును రెప్పపాటులో పట్టే యంత్రాలు ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఉన్నాయి. పైరు ఎండిపోతున్నా పరాయి మనిషి బల్ల ముందు గంటసేపు కూర్చుని, నీ ఏనుగు నిద్రపోతాంది అని మొహం మీదే చెప్పిపోయిన ఆ రైతులే ఎక్కడా కనిపించడం లేదు. వాళ్ళలో ఒక్కరి పేరైనా నా డైరీల్లో రాసుకోలేదు.

నిన్నటి పేజీలో ఇలా రాశాను: వాన లేదు. మామ ముడి చూశాను. తప్పుంది. మామకు చెప్పాను. ఆ చివరి మాట రాసి, నోటితో నిజంగా చెప్పానా అని ఒకసారి గుర్తు చేసుకుని, అప్పుడు కలం మూత పెట్టాను.