డిండోలి గదిలో తనంతట తాను మోగిన పియానో

సూరత్ కోసాడ్‌లో మా ఫ్లాటు కింద ఒక వడ్రంగి ఈ మధ్య పాత కుర్చీలు బాగుచేస్తూ తోలు జిగురు కాస్తున్నాడు. ఆ వాసనకు ఇరుగుపొరుగు ముక్కు మూసుకుంటారు గానీ నేను కిటికీ ఇంకాస్త తెరుస్తాను. నా చిన్నతనంలో ఒక ఏడు, వానలు మొదలైంది మొదలు దీపావళి దాకా, ఇదే ఊళ్లో డిండోలిలోని మా ఒంటిగది ఇంట్లో పోపు వాసన మీదా, ఆరని బట్టల వాసన మీదా పైచేయి ఈ జిగురుదే.

బాపు, అంటే మా నాన్న, మరమగ్గాల కార్ఖానాలో జకార్డు మిస్త్రీ. చీర అంచు మీద నెమలి రావాలన్నా, మామిడిపిందె రావాలన్నా చిల్లులు పొడిచిన అట్టలు వరసగా మగ్గం మీద తిరగాలి. చిల్లున్న చోట దారం లేస్తుంది, లేని చోట లేవదు. ఆ ఏడు నాన్‌పురాలో మెహ్రూ బాయి అనే పార్శీ ముసలావిడ ఇల్లు అమ్మేసి, నవ్‌సారిలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయేందుకు సామాను ఖాళీ చేయిస్తుంటే బాపు మోతకు సాయం వెళ్లాడు. మూలనున్న పియానో తలుపు తెరిస్తే లోపల చిల్లుల కాగితపు చుట్ట ఒకటి కనిపించింది. కింద పెడళ్లు తొక్కితే తిత్తులు గాలి పీలుస్తాయనీ, కాగితంలో చిల్లు వచ్చినప్పుడల్లా ఒక మెట్టు దానంతటదే దిగి మోగుతుందనీ, తన తండ్రి పోయాక అది మళ్లీ పలకలేదనీ ఆమె చెప్పింది. ఇక పొయ్యిలోకి ఇచ్చేస్తానంది. బాపు వద్దన్నాడు. దీపావళి వెళ్లాక ఆమె ఊరు వదిలేలోపు ఒక్కసారైనా పాడిస్తానని మాట ఇచ్చి, దాన్ని టెంపోలో ఇంటికి తెచ్చాడు.

"పండేటందుకే జాగ లేదు, గీ బోషాణం ఏడ వెడ్తవ్?" అంది అమ్మ.

"జర ఓపిక పట్టు. లోపల అంత మన జకార్డు లెక్కనే ఉన్నది," అన్నాడు బాపు.

సెలవు దొరికిన ప్రతి పూటా ఆయన దాని ముందే కూర్చునేవాడు. చెదలు తిన్న చెక్క, ఎలుకలు కొరికిన తోలు, వంచితే పుటుక్కున విరిగే రబ్బరు గొట్టాలు ఒక్కొక్కటే బయటికి వచ్చి మా మంచం కిందా బియ్యం డబ్బా మీదా చేరాయి. కాగితం జారే ఇత్తడి పట్టీలోని సన్నటి రంధ్రాలను సూదికి దూది చుట్టి శుభ్రం చేయడం నా పని. చినిగిన కాగితపు చుట్టను బాపు పల్చటి కాగితం అతికించి, ఊపిరి బిగబట్టి బాగుచేసేవాడు. వాన తేమకు జిగురు ఆరక తిత్తులను పొయ్యి పక్కన వేలాడదీస్తే, అమ్మ వాటి కింద తల వంచుకుని రొట్టెలు చేసేది. సద్దుల బతుకమ్మ నాటి సత్తుపిండి ముద్దలు పియానో మూత మీదే పరిచింది. దసరా తర్వాతి పున్నమి మర్నాడొచ్చే చందీ పడవో పండక్కి పక్కింటి గుజరాతీ వాళ్లు నెయ్యి కారుతున్న ఘారీ మిఠాయి ఇస్తే, ఆ చేతులతో తోలు ముట్టుకోవద్దని బాపు నన్ను బయటే నిలబెట్టి తినిపించాడు. తిత్తులకు వేసిన గొడుగు గుడ్డలోంచి గాలి పోతుంటే, ఇంటి దగ్గర చీరలకు లేసు కుట్టే మా అమ్మ రెయిన్‌కోటు గుడ్డ తెచ్చి, మడతలు పెట్టి అమర్చింది.

దీపావళికి మగ్గాలు ఆగాయి. గల్లీలో సగం మంది రైలెక్కి ఊళ్లకు పోయారు, మేం పోలేదు. ఆ ఉదయం బాపు పెడళ్లు తొక్కాడు. పియానో ఆయాసంతో ఒగర్చింది. రెండు మూడు మెట్లు సగం దిగి ఆగిపోయాయి. ఎంత తొక్కినా అంతే.

"నాతోని గాదు," అన్నాడు బాపు తల పట్టుకుని. "బాయికి ఏం ముఖం వెట్టుకొని చెప్పాలె?"

అమ్మ దేవుడి పటం ముందున్న ఊదుబత్తి తీసుకుని వచ్చింది. "తొక్కు. నువ్వు తొక్కకుంట కూసుంటే ఎట్ల దెలుస్తది?" అంటూ దాన్ని తిత్తుల అంచుల వెంబడి మెల్లగా జరిపింది. పొగ అంతటా నిటారుగా లేచింది గానీ ఒక మూల దగ్గర మాత్రం చటుక్కున వంగి లోపలికి పోయింది.

"గిక్కడున్నది సూడు!"

బాపు పొగను చూడలేదు, అమ్మనే చూశాడు. అంత సంబరంగా ఆయన ఎవరినైనా చూడడం నేను మళ్లీ ఎరగను.

మూల అతికించి, బాగా ఆరాక మెహ్రూ బాయిని ఆటోలో తీసుకొచ్చాడు. ఒడియా వాళ్లు, మహారాష్ట్ర ఖాందేశీ వాళ్లు, ఊళ్లకు పోని వాళ్లంతా గుమ్మం దగ్గర మూగారు. బాపు తొక్కాడు. తెల్ల మెట్లు, నల్ల మెట్లు ఎవరూ తాకకుండానే దిగి లేచాయి. కొన్ని స్వరాలు అపశ్రుతి పలికాయి గానీ పాట పాటే. చూపు మసకబారిన ఆమె రెండు అరచేతులూ మెట్ల మీద ఆనించి, అవి తన వేళ్లను ఎత్తి దించుతుంటే చిన్నపిల్లలా నవ్వింది.

"ధీరే, దీకరా, ధీరే," అంది, నెమ్మదిగా నాయనా అని.

చుట్ట అయిపోగానే బాపు దాన్ని మళ్లీ వెనక్కి చుట్టి, లేచి నిలబడి, "ఇప్పుడు మీరు తొక్కండి బాయీ," అన్నాడు హిందీలో.

ఆమె తల అడ్డంగా ఊపింది. చిన్నప్పుడు పాడుచేస్తావని తండ్రి తొక్కనిచ్చేవాడు కాదట. అమ్మ ఆమెను ముందుకు జరిపి కూర్చోబెట్టి, చెప్పులు విప్పి, పాదాలను పెడళ్ల మీద పెట్టింది. పాట సాగింది, ఆగింది, మళ్లీ సాగింది. నడుమ ఎవరూ సాయం చేయలేదు.

ఆ వారమే ఆమె నవ్‌సారి వెళ్లిపోయింది. పియానో కొన్నేళ్లు మాతోనే ఉండి, మేం కోసాడ్ మారేటప్పుడు మేడమెట్లు ఎక్కించలేక ఒక బడికి ఇచ్చేశాం. నాన్‌పురాలో ఆమె ఇల్లున్న చోట అపార్టుమెంటు లేచింది. చిల్లుల అట్టలు పోయి మగ్గాల మీదికి కంప్యూటర్లు వచ్చాయి. అమ్మ లేదు. కాగితపు చుట్ట పెళుసెక్కి పొడి పొడి అయింది. దాని మీద పేరు మేం చూసేనాటికే చెరిగిపోయి ఉంది కనుక, ఆ పాట ఏదో వెతకడానికి కూడా దారి లేదు. అప్పుడప్పుడు బాపు దాన్ని కూనిరాగం తీస్తాడు. అట్లా కాదని నేను ఇంకో తీరుగా తీస్తాను. ఎవరిది సరైనదో చెప్పేవాళ్లు ఇప్పుడు సూరత్ మొత్తంలో ఎవరూ లేరు.