హానర్‌లో యూ

తొంభైలలో నాంపల్లిలో నాకు టైపు నేర్పిన మాస్టారు రోజూ ఒకే అర్జీ కొట్టించేవారు. "ఐ హావ్ ద హానర్ టు స్టేట్" అని మొదలయ్యేది. హానర్‌లో యూ ఎగిరిపోయిందా, కాగితం చింపి మళ్ళీ కొట్టమనేవారు. రెండేళ్ళకు ఆ యూ నా వేళ్ళలో పాతుకుపోయింది.

ఆ తర్వాత కొన్నేళ్ళకు ఆబిడ్స్‌లో ఒక జీఆర్ఈ కోచింగ్ సెంటర్‌లో నోట్సు టైపు చేసే పనిలో చేరాను. అక్కడి సార్‌కు ఆ యూ అంటే గిట్టదు. "అమెరికా పరీక్ష ఇది. కలర్ల యూ లేదు, హానర్ల యూ లేదు. కనపడితే మార్కు పాయె," అని ప్రతి బ్యాచీకీ చెప్పేవారు. నాకేమో ఎస్సే క్లాసు చెప్పాలని మహా ఆశ. అడగ్గా అడగ్గా ఒకరోజు నవ్వి, "ముందు నువ్వు పరీక్ష రాయమ్మా. ఎస్సేల ఆరుకు ఆరు తెస్తే క్లాసు నీదే," అన్నారు.

సాధన మొదలుపెట్టాను. వేళ్ళు యూ కొడతాయి, నేను తుడుస్తాను. ఆ ధాటిలో 'ఫోర్ అవర్స్' అన్న చోట కూడా యూలు పీకేశాను. ఫోర్ కాస్తా 'కోసం' అయిపోయింది, అవర్స్ ఏ భాషకూ చెందకుండా పోయింది. సార్ ఆ కాగితాన్ని క్లాసులో చదివి వినిపించారు. పిల్లలు పడీ పడీ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ సాయంత్రమే పరీక్ష వాళ్ళ సూచనల పుస్తకం మొదటి నుంచి చివరిదాకా చదివాను. యూ ఉండకూడదని అందులో ఎక్కడా లేదు. ఇన్నాళ్ళూ లేని నియమానికి భయపడి చచ్చానన్నమాట!

పరీక్షలో వేళ్ళను వాటి దారిన వదిలేశాను. కలర్, లేబర్, హానర్, అన్నింట్లోనూ యూ. తుడిచే బాధ లేకపోయేసరికి ఆలోచన ఎంత హాయిగా సాగిందో!

కొన్ని వారాలకు పోస్టులో మార్కుల కాగితం వచ్చింది. ఆరుకు ఆరు! అది పట్టుకుని గన్‌ఫౌండ్రీలోని మా ఇంటి నుంచి సెంటర్ దాకా పరుగులాంటి నడక నడిచాను.

సార్ దాన్ని రెండుసార్లు చదివారు. "అన్నిట్ల యూ పెట్టినవా?"

"ఔ సార్. ఒక్కటి గూడ ఇడిశిపెట్టలే."

మర్నాడు ఎస్సే క్లాసులో బోర్డు మీద మొదట హానర్ అనే రాశాను. వెనక బెంచీలో కూర్చున్న సార్ మెడ సాచి చూశారు.

"మేడమ్, జర ఆ యూ పెద్దగ రాయున్రి. గీడికి కనపడ్తలేదు."