తప్పు జవాబులు కావలెను

ఆ రోజుల్లో నాకు భయపడటానికి కారణం అక్కర్లేదు, కాస్త తీరిక దొరికితే చాలు. ఆ రోజులంటే మరీ పాతవేమీ కావు. అరచేతిలో ఫోను, ఆ ఫోనులో క్లాసు వాట్సాప్ గ్రూపు, ఆ గ్రూపులో అందరికంటే ముందే థీసిస్ పూర్తిచేసిన ఒక మహాతల్లి పెట్టే నవ్వు ముఖాలూ ఉన్న రోజులే. హిందీవాళ్ళ ఊరు బిలాస్‌పూర్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్పుకుంటున్నదాన్ని, ఉన్న ఉద్యోగం వదిలేసి, పిల్లలకి సైన్సు ఎలా చెప్పాలో నేర్పే పీజీలో చేరాను. (ఇన్నాళ్ళూ చెప్పావు కదా, మళ్ళీ అది నేర్చుకోవడమేమిటని మా అమ్మ అడిగింది.) డిగ్రీ చేతికొస్తే టీచర్లను తయారుచేసే కాలేజీలో ఉద్యోగం. రాకపోతే, వదిలేసిన స్కూలు గేటు ముందు మళ్ళీ చేతులు కట్టుకుని నిలబడటం.

మా గైడుని మేమంతా చాటుగా ఫిర్ మేడమ్ అనుకునేవాళ్ళం. మనం ఎంత కష్టపడి ఏం చెప్పినా, కళ్ళజోడు మీదుగా చూసి "ఫిర్?" అనేవారు. తర్వాతేమిటి అని. ఆ ఒక్క మాటకి నేను రాత్రంతా చదివింది మొత్తం మరిచిపోయేదాన్ని. పిల్లల మనసుల్లో సైన్సు గురించి పాతుకుపోయిన తప్పు ఊహలు నా థీసిస్ విషయం. పని చూడటానికి తేలికే. ఫ్రిజ్‌లో నీళ్ళు స్టీలు గ్లాసులో పోసి పిల్లల ముందు పెట్టాలి. కాసేపటికి గ్లాసు బయటంతా చెమ్మ పడుతుంది. ఆ నీళ్ళు ఎక్కడివని అడగాలి. గాలిలో కంటికి కనపడని ఆవిరి చల్లటి గ్లాసుకి తగిలి నీరవుతుందన్నది పుస్తకం చెప్పే మాట. పిల్లలు అలా అనుకోరు, ఇంకేదో అనుకుంటారు. ఆ ఇంకేదో ఏమిటో, ఎందుకలా అనుకుంటారో రాబట్టి రాయాలి. అంటే నాకు కావలసినవి తప్పు జవాబులు. ఎన్ని దొరికితే అంత మంచిది.

లాల్‌ఖదాన్‌ పేటలో మా వీధి నిండా పిల్లలే కాబట్టి ఆ విషయంలో నాకు లోటు లేదనుకున్నాను. ముందుగా పక్కింటి తెలుగువాళ్ళ మనవడు గుడ్డూని కూర్చోబెట్టి గ్లాసు చూపించాను. వాడు ఎగాదిగా చూసి, "లీక్ అవుతోంది అక్కా, వేరే గ్లాసు తే" అన్నాడు. నాకు వాణ్ణి ముద్దు పెట్టుకోవాలనిపించింది. ఆ పూట భోజనాల దగ్గర, "మన వీధి పిల్లల్లో ఒక్కడూ సరిగ్గా చెప్పేలా లేడు, నా పంట పండింది" అని గొప్పగా ప్రకటించాను. నాన్న ముద్ద ఆపి నా వైపు చూశారు. ఆయన గూడ్సు బళ్ళ మీద గార్డుగా చేసి రిటైరైన మనిషి. బండి కదిలేటప్పుడు గార్డూ డ్రైవరూ ఒకరికొకరు చెయ్యి చాచి చెప్పుకునే 'ఆల్ రైట్' ఆయనకి ఎంత అలవాటైపోయిందంటే, పాలవాడితో మాట్లాడినా చివర చెయ్యి చాచి ఆల్ రైట్ అనేవారు. ఆ రోజు మాత్రం "అచ్ఛా" అని ఊరుకుని చెయ్యి కడుక్కున్నారు. ఊరికే భయపడే నేను, భయపడవలసిన ఆ ఒక్క పూట హాయిగా నిద్రపోయాను.

ఆదివారం పొద్దున్నే పిల్లల్ని ఒక్కొక్కరినీ ముందు గదిలోకి పిలిచాను. మొదట వచ్చిన పిల్ల గ్లాసు వైపు చూడకుండానే, "గాలిలో ఆవిరి ఉంది, ఠండా అయ్యి నీళ్ళయిపోయింది" అని గడగడా అప్పజెప్పింది. పోనీ, తెలివైన పిల్ల అనుకున్నాను. రెండోవాడూ అదే. మూడోవాడూ అదే, ఊపిరి తీసుకునే చోటుతో సహా అదే. నాకు అరచేతుల్లో చెమట మొదలైంది. (ఆ నీళ్ళు ఎక్కడివో మాత్రం నాకు బాగా తెలుసు.) గుడ్డూ వచ్చాడు. వీడొక్కడు చాలు నన్ను కాపాడటానికి అనుకుంటూ గ్లాసు ముందుకు జరిపాను. వాడు నిటారుగా నిలబడి, ఆవిరి పాఠం మొత్తం ఒప్పజెప్పి, కుడిచెయ్యి బారుగా చాచి, "ఆల్ రైట్" అన్నాడు.

వరండాలో కుర్చీ వేసుక్కూర్చున్న నాన్న కిటికీలోంచి తొంగిచూశారు. "ఏటమ్మా, ఎలా చెప్పారు మనోళ్ళు? ఒక్కడైనా తప్పాడేటి?"

"నువ్వా నాన్నా వీళ్ళకి నేర్పింది?"

"మరి నేర్పకపోతే? మన వీధి పిల్లలు దద్దమ్మలని పుస్తకంలో రాసీసి యూనివర్సిటీలో పెట్టీస్తావా? రేపు వాళ్ళ అమ్మానాన్నలకి నా ముఖం ఎలా చూపించాలి?"

"నాకు తప్పు జవాబులే కావాలి. వాటికే డిగ్రీ ఇస్తారు."

"తప్పు జవాబులకి డిగ్రీ ఇచ్చీస్తారేటి?" నాన్న నిజంగానే కంగారుపడ్డారు. "మా రోజుల్లో బెత్తంతో ఇచ్చీవోరు. ఏటి చదువమ్మా ఇది?"

వంటింట్లోంచి అమ్మ, "నన్నడిగితే చెప్పీదాన్ని కదే, నీకు ఎన్ని కావాలంటే అన్ని" అంది. నేను ఏడ్చేశాను. నాన్న వారం రోజులు సాయంత్రాలు కూర్చుని, శనగలు పెట్టి మరీ ఆ పిల్లలకి పాఠం చెప్పారట. కోప్పడటానికి కూడా వీల్లేని ద్రోహం అది.

మర్నాడు ఫిర్ మేడమ్ గది ముందు ఎంతసేపు నిలబడ్డానో చెప్పను. లోపలికి వెళ్ళి, నా థీసిస్‌ని మా నాన్న శుభ్రంగా కడిగి ఆరేశారని చెప్పుకున్నాను. సీటు పోయిందన్నమాటే అనుకుంటున్నాను. ఆవిడ అంతా విని, "ఫిర్?" అన్నారు.

"పిల్లలంతా సరిగ్గా చెప్పేశారు మేడమ్."

"చెప్పారు. ఫిర్? నమ్ముతున్నారా?"

అది అడగాలని నాకు తట్టనే లేదు. తట్టనట్టు కనపడితే ఏమనుకుంటారోనని, "అర్థమైంది మేడమ్" అని బయటికొచ్చేశాను. ఏమర్థమైందో ఆటోలో సగం దూరం వచ్చాక గానీ అర్థం కాలేదు.

తర్వాతి ఆదివారం అమ్మే ఉపాయం చేసి, బిల్హాలో ఉన్న పాత స్నేహితుణ్ణి చూసి రమ్మని నాన్నని లోకల్ రైలు ఎక్కించింది. నేను టిఫిన్ డబ్బాలో ఐసు ముక్కలు వేసి, మూత గట్టిగా బిగించి గుడ్డూ ముందు పెట్టాను. డబ్బా చుట్టూ నీళ్ళు పట్టాయి. వాడు ఆవిరి పాఠం చెప్పి చెయ్యి చాచాడు. "ఫిర్?" అన్నాను, నా నోట ఆ మాట రావడం అదే మొదలు. వాడు వరండాలో ఖాళీ కుర్చీ వైపు చూశాడు.

"తాత లేడా?"

"బిల్హా వెళ్ళాడు."

"సచ్ బోలూ అక్కా? నిజం చెప్పెయ్యనా?" వాడు గొంతు తగ్గించాడు. "డబ్బా లీక్ అవుతోంది. మొన్న గ్లాసూ లీకే. అలా అంటే తాతకి బురా లగేగా, బాధపడతాడు అని చెప్పలేదు."

మిగిలినవాళ్ళూ అంతే. నోట్లో ఆవిరి, మనసులో చిల్లు గ్లాసు. సరైన జవాబు కింద తప్పు ఊహ చెక్కుచెదరకుండా ఎలా కూర్చుంటుందో రాయడానికి అంతకంటే ఏం కావాలి?

సాయంత్రం నాన్న తిరిగొచ్చి, చెప్పులైనా విప్పకుండా, "ఏటన్నాడు గుడ్డూ?" అని అడిగారు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. బాధపడతారనుకుంటే, చెప్పులు విప్పుతూ, "వాడన్న దాంట్లో తప్పేటుంది?" అన్నారు. "బండి చివర నా బ్రేక్‌వేన్‌లో మట్టి కూజా ఉండీది. ఎప్పుడు చూసినా దాని చుట్టూ తడే. లోపలి నీళ్ళు కాకపోతే ఏటది?"

"మరి పిల్లలకి ఆవిరని ఎందుకు నేర్పావు?"

"పుస్తకంలో అలాగుంది కదమ్మా. పరీక్షకి అదే చెప్పాలి. మనం అనుకునీది వేరు." ఆయన చెయ్యి చాచి ఆల్ రైట్ అనేసి స్నానానికి వెళ్ళిపోయారు.

డిగ్రీ వచ్చింది, కాలేజీలో ఉద్యోగమూ వచ్చింది. ఇప్పుడు నా విద్యార్థులు "అర్థమైంది మేడమ్" అని తలలూపితే, కళ్ళజోడు మీదుగా చూసి "ఫిర్?" అంటాను. వాళ్ళు చాటుగా నన్నేమని పిలుస్తారో నాకు తెలుసు, తెలియనట్టు ఉంటాను. నాన్న ఇప్పటికీ నేనిచ్చిన చల్లటి నీళ్ళు తాగి, బల్ల మీద గుండ్రటి తడి తుడిచి, "గాలిలో ఆవిరే కదమ్మా" అంటారు. మట్టి కూజాలోంచి నీళ్ళు ఊరతాయి, స్టీలులోంచి ఊరవు, దాని సంగతి వేరు, దీని సంగతి వేరు అని ఎన్నిసార్లు చెప్పానో. ఆయన తలూపుతారు. నేనటు తిరగగానే గ్లాసు ఎత్తి అడుగు తడిమి చూసుకుంటారు. ఒక్క తప్పు జవాబు కోసం వీధంతా వెతుక్కుని ఏడ్చిన నేను, మా ఇంట్లోనే నాన్న నోట దొరికిన అన్నింటికంటే మంచి జవాబుని థీసిస్‌లో రాయలేదు. రాస్తే నాన్న బాధపడతారని.